నోటిలెక్కను చంపకండి

‘ఫోనులో క్యాలిక్యులేటర్ ఉండగా పిల్లలకు ఎక్కాలెందుకు?’ అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. పైగా ఈ మాటనేది పెద్ద చదువులు చదివినవాళ్లే!

1980 జూన్ 18న లండన్ ఇంపీరియల్ కాలేజీలో శకుంతలాదేవి 13 అంకెల సంఖ్యలు రెండింటిని మనసులోనే గుణించి 28 సెకన్లలో జవాబు చెప్పారు. ఇవాళ ఏ కంప్యూటరైనా ఆ పని రెప్పపాటులో చేస్తుంది. చేయనివ్వండి! వేగంలో యంత్రం ఎప్పుడో గెలిచింది. ఆ పందెంతో మనకేం పని? పసివాళ్లను వేదికలెక్కించి, సెకన్లు కొలిచి, ‘హ్యూమన్ కంప్యూటర్’ అని బిరుదులు తగిలించే వ్యాపారం కూడా నోటిలెక్కకు ద్రోహమే చేస్తోంది.

మరి నోటిలెక్క దేనికి? దుకాణంలో 20,000 రూపాయల ఫోను చూపించి ‘నెలకు 2,150 కడితే చాలు, 12 నెలలే’ అంటారు. పన్నెండు రెండువేలు 24,000. పన్నెండు నూటయాభైలు 1,800. వెరసి 25,800. అంటే 5,800 ఎక్కువ. ఇంకో అడుగు వేయండి. అసలు నెలనెలా తీరిపోతుంటుంది కాబట్టి ఏడాది పొడుగునా మన మీదున్న అప్పు సగటున 12,000 లోపే. దానికి 5,800 వడ్డీ! నూటికి నెలకు నాలుగు రూపాయలు దాటింది. ఊళ్లో వడ్డీవ్యాపారి ఇంత అడిగితే శాపనార్థాలు పెడతాం. ఏసీ షోరూములో అడిగితే నవ్వుతూ సంతకం పెడతాం. జేబులో క్యాలిక్యులేటర్ ఉండి ఏం లాభం? లెక్క వేయాలన్న అనుమానం అది పుట్టించదుగా!

యంత్రం తప్పు చేయదంటారు. నిజమే, నొక్కిన దానికి జవాబు తప్పదు. కానీ 48ని 25తో గుణించబోయి వేలు జారి 52 నొక్కితే, తడుముకోకుండా 2,496 అని చూపిస్తుంది. 48లో నాలుగోవంతు 12, పక్కన రెండు సున్నాలు, 1,200 అని తెలిసిన బుర్ర ఒక్కటే ఆ తప్పును పట్టుకోగలదు. అది తెలియనివాడు తెర మీద ఏది కనిపిస్తే దానికే డబ్బు కట్టి వస్తాడు.

అమ్మలారా, అయ్యలారా, పంతుళ్లారా! క్యాలిక్యులేటర్ లాక్కోమనడం లేదు. ఎక్కాలు నోటికి రానివ్వండి. మీట నొక్కేముందు ‘సుమారు ఎంత రావచ్చు?’ అని ప్రతి లెక్కకూ అడగండి. బిడ్డ ఒక అంచనా చెప్పాకే నొక్కనివ్వండి. లెక్క రాని జాతిని దోచుకోవడానికి తుపాకులక్కర్లేదు, ఒక బిల్లు చాలు.