కానరాని కిరణమునకు కొలత

కిరణచికిత్సకు బిడ్డను తీసికొనిపోవు తల్లికి కలుగు భయమొకటి కలదు. కిరణము కంటికి కానరాదు, ఒంటికి తెలియదు. ఎంత పడినదో ఎవరు చెప్పగలరు? పాలను సోలతో కొలుతుము. మా రెడ్డిగూడెపు మామిడితోటలలో కాటా లేక కాయ కదలదు. కావున ఈ ప్రశ్న న్యాయమైనదే.

చెన్నైలో 2019 జనవరిలో అపోలోవారు ప్రోటాను చికిత్సాలయమును తెరచిరి. దక్షిణాసియాలో ఇట్టిది అదియే మొదటిది. ఆ సంస్థాపకులగు డాక్టరు ప్రతాప్ సి. రెడ్డిగారు చిత్తూరు జిల్లా అరగొండవారు. ఎక్సురేలు దేహమున ఈవలనుండి ఆవలకు దూసికొనిపోవును. ప్రోటానులు అట్లుగాక కొంతలోతు పోయి, ఆగుచోటనే తమ శక్తిని మిక్కుటముగా విడిచి, అంతటితో నిలిచిపోవును. మెదడున గడ్డలుగల పసిబిడ్డలకు దీనిని సూచించుట అందుచేతనే. 1946లో అమెరికాలో రాబర్టు విల్సను ఈ యూహ చేసెను. 1954లో బర్కిలీలో తొలి రోగికి చికిత్స జరిగెను.

మోతాదునకు ‘గ్రే’ యని పేరు. అనగా కిలోగ్రాము దేహమునకు ఒక జౌలు శక్తి. అది నీటి వేడిమిని డిగ్రీలో నాలుగువేలవ వంతైనను పెంచదు! అయినను కణములోని జీవసూత్రములను తెంపగలదు. కిరణము వెలువడు ముఖమున, పలుచని రేకుల నడుమ వాయువు గల పెట్టె యుండును. ప్రోటానులు దాని గుండ పోవునపుడు వాటి సంఖ్యకు తగినంత విద్యుత్తు పుట్టును. దానిని లెక్కించి ప్రక్కగదిలోని తెరపై అంకెలుగా చూపుదురు. నిర్ణయించిన అంకె రాగానే కిరణము దానంతట ఆగును. ఒకటి తప్పినను రెండవది ఆపునట్లు ఇట్టి పెట్టెలు రెండుండును.

ఆ అంకెలు గ్రేలు కావు. రోగులు రాకమున్నే ఉదయమున నీటివంటి పలకలను పెట్టి, ఇన్ని అంకెలకు ఇంత మోతాదని సరిచూతురు. మన అంగళ్లలోని తూనికరాళ్లకును ఇంతటి పరీక్ష జరిగిన నెంత బాగుండును!

అయితే ఎంత వెడలెనో ఆ తెర చెప్పును గాని, లోపల ఎచ్చట నిలిచెనో చెప్పదు. బిడ్డ చిక్కినను, వాచినను, ముక్కుప్రక్క గుల్లలలో చీమిడి చేరినను కిరణము నిలుచు లోతు మారవచ్చును. మెదడునందు కొన్ని మిల్లీమీటర్లు స్వల్పము కాదు. అందుకే నడుమ నడుమ మరల స్కాను తీయుదురు. ప్రోటానులు పోవుదారిలో తత్క్షణము పుట్టు గామాకిరణములను బయటనుండి పట్టి, అవి నిలిచిన తావును తెలిసికొను ప్రయత్నములును సాగుచున్నవి.

ఇచ్చట తల్లి చెప్పు కబురునకు విలువ కలదు. ముఖమునకు బిగించు తొడుగు వదులైనను, బిడ్డ అన్నము మానినను, జలుబు చేసినను, వారడుగకున్నను ఆనాటి చికిత్సకు ముందే చెప్పవలెను. స్కాను మరల తీయవలెనా, వలదా యన్నది వారు చూచుకొందురు.