పండుగనాటి రాత్రి దయ్యం కథ

పండుగ అనగానే దీపాలు, కొత్త బట్టలు, పిండివంటలు, బంధుమిత్రుల రాకపోకలు మనస్సులో మెదలుతాయి. భయానికి అక్కడ చోటుంటుందని ఎవరూ అనుకోరు. కాని ఇంగ్లండు దేశంలో క్రిస్మస్ పండుగకూ దయ్యాల కథలకూ చిరకాలంగా అనుబంధం ఉంది. క్రీస్తు జన్మదినాన్ని కరుణకూ శాంతికీ ప్రతీకగా జరుపుకొనే ప్రజలే, ఆ పండుగ ముందునాటి రాత్రి నిప్పు చుట్టూ చేరి, చనిపోయినవారు తిరిగివచ్చిన కథలు చెప్పుకొనేవారు. పవిత్రమైన పండుగకు ఈ ఆచారం తగదని కొందరికి తోచవచ్చు. మూఢనమ్మకాలకు నీరుపోసి పెంచే వేడుకగా మరికొందరికి కనిపించవచ్చు. అయితే కథలోని దయ్యం వేరు, మూఢనమ్మకంలోని దయ్యం వేరు. ఈ రెండింటి భేదం గ్రహించినప్పుడే ఆ ఆచారంలోని విలువ బోధపడుతుంది.

ఈ అలవాటుకు మొదటి కారణం ప్రకృతి. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21, 22 తేదీల ప్రాంతంలో పగలు అతి తక్కువగా ఉంటుంది. లండన్ నగరంలో ఆ రోజులలో ఉదయం ఎనిమిది గంటలు దాటాక సూర్యుడు ఉదయించి, సాయంత్రం నాలుగు కాకముందే అస్తమిస్తాడు. విద్యుద్దీపాలు లేని కాలంలో పదహారు గంటల చీకటిని గడపడం తేలికైన పని కాదు. పొలం పనులు ఉండవు. బయట మంచు, ఈదురుగాలి. ఇంటిల్లిపాదీ ఒకే నిప్పు చుట్టూ చేరక తప్పదు. అటువంటి వేళ కథ పుట్టడం సహజం. ఆ కథలో చీకటి, మృత్యువు చోటు చేసుకోవడం కూడా సహజమే. 1611లో లండన్‌లో ప్రదర్శితమైన షేక్‌స్పియర్ నాటకం ‘ది వింటర్స్ టేల్’లో ఒక చిన్న బాలుడు, శీతాకాలానికి విషాదకథే తగినదని భావించి, శ్మశానం పక్కన నివసించే మనిషి కథను తల్లికి చెప్పబోతాడు. అప్పటికే ఈ అలవాటు జనజీవనంలో పాతుకుపోయిందనడానికి ఆ చిన్న సన్నివేశమే నిదర్శనం.

ఆ మరుసటి ఏడాది, 1612లో, అదే దేశంలో మరొక ఘటన జరిగింది. లాంకషైర్‌లోని పెండిల్ ప్రాంతంలో అలిజన్ డివైస్ అనే పేద యువతి, దారిన పోయే ఒక మూటవర్తకుణ్ణి గుండుసూదులు అడిగింది. అతడు ఇవ్వలేదు. కొద్దిసేపటికే అతడు కూలబడిపోయి, కాలుచేతులు స్వాధీనం తప్పాయి. అది పక్షవాతమై ఉంటుందని నేటి పాఠకుడు సులభంగా ఊహించగలడు. ఆనాటివారు మాత్రం ఆ యువతి చేతబడి చేసిందని నమ్మారు. ఒకరి మీద మోపిన నింద మరొకరి మీదికి పాకింది. బిచ్చమెత్తుకొనే ముసలివారు, నాటువైద్యం చేసుకొని బ్రతికేవారు, పొరుగువారితో పడనివారు నేరస్థులుగా నిలబడ్డారు. ఆ ఏడాది ఆగస్టులో లాంకాస్టర్ న్యాయస్థానం విచారణ జరిపిన తరువాత పదిమందిని ఉరితీశారు. చేతబడిని నేరంగా పరిగణించే చట్టం ఆ దేశంలో 1736లో గాని రద్దు కాలేదు.

నాటకంలోని బాలుడి కథలోనూ, పెండిల్ ప్రజల మనస్సులలోనూ ఉన్నది ఒకటే భయం. కాని ఆ భయం నడిచిన దారులు వేరు. కథ వినేవాడు తాను కథ వింటున్నానని ఎరుగును. ఆ ఎరుక అతనికి రక్ష. భయపడినా ఎవరినీ ద్వేషించవలసిన అవసరం అతనికి కలగదు. మూఢనమ్మకానికి లోబడినవాడికి ఆ ఎరుక లేదు. అతని భయం ఒక శత్రువును వెతుకుతుంది. ఆ శత్రువు ఎల్లప్పుడూ బలహీనుడే అవుతాడు. పెండిల్‌లో ఒక పేద యువతి చాచిన చేయి ఎవరి మనస్సునూ కరిగించకపోగా, చివరకు ఆమెకే ఉరితాడయింది.

ఈ కథాసంప్రదాయాన్ని కరుణవైపు మళ్లించినవాడు చార్లెస్ డికెన్స్. అతని కరుణకు మూలం అతని బాల్యంలోనే ఉంది. 1824లో, పన్నెండేళ్ల వయస్సులో, బూట్లకు పూసే నల్లరంగును తయారుచేసే కర్మాగారంలో సీసాలకు కాగితాలు అంటించే పనికి అతడు కుదురుకోవలసివచ్చింది. అప్పు తీర్చలేని తండ్రి చెరసాల పాలయ్యాడు. ఆ అవమానాన్ని డికెన్స్ జీవితాంతం మరువలేదు. గనులలోనూ కర్మాగారాలలోనూ పనిచేసే పిల్లల దుస్థితిని గూర్చి ప్రభుత్వ విచారణ సంఘం 1842, 1843 సంవత్సరాలలో నివేదికలు వెలువరించింది. అయిదారేళ్ల పసివారు గనుల చీకటిలో ఒంటరిగా కూర్చుండి, గాలి తలుపులు తెరుస్తూ మూస్తూ గంటల తరబడి గడిపేవారని ఆ నివేదికల వల్ల లోకానికి తెలిసింది. డికెన్స్ చలించిపోయాడు. పేదల పిల్లల పక్షాన దేశప్రజలకు విజ్ఞప్తి చేస్తూ ఒక చిన్న పుస్తకం ప్రచురించాలని మొదట సంకల్పించాడు. తరువాత ఆ ఆలోచన మానుకొని కథను ఎంచుకొన్నాడు. దాదాపు ఆరు వారాలలో పూర్తయిన ‘ఎ క్రిస్మస్ కెరోల్’ 1843 డిసెంబరు 19న వెలువడింది. క్రిస్మస్ ముందురోజు నాటికే ఆరువేల ప్రతులు అమ్ముడుపోయాయి.

ఆ కథలో స్క్రూజ్ ధనవంతుడు, పిసినారి. పండుగ ముందురోజు పేదల కోసం చందా అడగవచ్చినవారిని ఉత్తచేతులతో పంపివేస్తాడు. ఆ రాత్రి అతని పాత భాగస్వామి మార్లే, ఏడేళ్ల క్రితం మరణించినవాడు, దయ్యమై ఎదుట నిలుస్తాడు. మార్లే ఒంటిని చుట్టుకొన్న గొలుసు ధనపు పెట్టెలతో, తాళంచెవులతో, తాళాలతో, లెక్కల పుస్తకాలతో కూర్చబడినది. బ్రతికి ఉండగా తోటి మనుష్యుల మధ్యకు వెళ్లని మనస్సు, మరణించిన తరువాత శాంతి లేక తిరుగాడవలసివచ్చింది. ఆ వెనుక గతానికి, వర్తమానానికి, భవిష్యత్తుకు ప్రతినిధులుగా మూడు ఆత్మలు వస్తాయి. వర్తమానపు ఆత్మ తన అంగీ అంచు కిందినుండి ఎముకల గూళ్లవంటి ఇద్దరు పిల్లలను చూపుతుంది. వారి పేర్లు అజ్ఞానం, దారిద్ర్యం. గొలుసులు ధరించిన దయ్యం కంటె ఆ ఇద్దరు పిల్లలే పాఠకుణ్ణి ఎక్కువగా భయపెడతారు. ఎందుకంటే అటువంటి పిల్లలు ఆనాటి లండన్ వీధులలో నిజంగానే ఉన్నారు.

తెల్లవారేసరికి స్క్రూజ్ మారిన మనిషి. గుమాస్తా బాబ్ క్రాచిట్‌కు జీతం పెంచుతాడు. అతని కుంటి కొడుకు టిమ్‌కు రెండవ తండ్రి వంటివాడవుతాడు. ఇక్కడ దయ్యం చేసిన పని పెండిల్‌లో జరిగినదానికి పూర్తిగా విరుద్ధం. మూఢనమ్మకంలోని దయ్యం తప్పును పొరుగువాని నెత్తిన మోపుతుంది. డికెన్స్ దయ్యం ఎవరి తప్పును వారికే చూపుతుంది. ఒక్క కథ వల్ల దేశం మారిపోయిందనడం సత్యదూరం. వస్త్ర కర్మాగారాలలో స్త్రీలకూ కౌమారదశలోని పనివారికీ పది గంటల పనిదినాన్ని నిర్ణయించిన 1847 నాటి చట్టం వెనుక కార్మికులు, సంస్కర్తలు ఏళ్ల తరబడి సాగించిన ఆందోళన ఉంది. కాని చట్టం చేతులను కట్టివేయగలదే గాని మనస్సును తట్టి లేపలేదు. ఆ పని కథకు చేతనవును.

డికెన్స్ తాను నడిపిన పత్రికలకు ప్రతి ఏటా క్రిస్మస్ ప్రత్యేక సంచికలు వెలువరించాడు. అటువంటి సంచికలోనే 1852లో ఎలిజబెత్ గాస్కెల్ ‘ది ఓల్డ్ నర్సెస్ స్టోరీ’ని ప్రచురించింది. పరువు పేరిట ఒక తండ్రి తన కుమార్తెనూ ఆమె పసిబిడ్డనూ మంచు కురిసే రాత్రి ఇంటినుండి గెంటివేస్తాడు. సొంత చెల్లెలు కనికరం లేక చూస్తూ నిలబడుతుంది. ఏళ్లు గడచిన తరువాత ఆ బిడ్డ ఆత్మ మంచులో నిలిచి, లోపలికి రానిమ్మని కిటికీ అద్దాలను తడుతుంది. ముదుసలి అయిన చెల్లెలు చివరకు చూసేది యౌవనంలో నిర్దయగా నిలిచిన తన రూపాన్నే. యౌవనంలో చేసినదాన్ని వార్ధక్యంలో చెరిపివేయలేమన్న సత్యం ఆ కథలో గుండెను పట్టుకొంటుంది. వెచ్చని గదిలో, నిండిన కడుపుతో ఈ కథ విన్నవారికి తలుపు బయట చలిలో ఉన్నవారు గుర్తుకు రాకమానరు. ఈ కథలను పండుగనాడే చెప్పుకోవడంలోని ఔచిత్యం ఇదే.

అన్ని కథలూ ఇంత ఉదాత్తమైనవని చెప్పడానికి వీలులేదు. పత్రికలు పెరిగిన కొలదీ దయ్యం ఒక అమ్మకపు సరుకయింది. ఈ మూసపోకడను 1891లోనే జెరోమ్ కె. జెరోమ్ ‘టోల్డ్ ఆఫ్టర్ సప్పర్’లో హాస్యంతో ఎగతాళి చేశాడు. ఆ తరువాత కేంబ్రిడ్జి పండితుడు ఎం.ఆర్. జేమ్స్ క్రిస్మస్ ముందురోజు రాత్రులలో తాను రాసిన కథలను మిత్రులకు చదివి వినిపించేవాడు. 1904లో వెలువడిన అతని సంపుటిలో, దయ్యాలు లేవని ధీమాగా వాదించే ఒక ఆచార్యుడు పురాతన శిథిలాలలో దొరికిన ఈలను ఊది, భయంతో తన ధీమాను కోల్పోతాడు. జేమ్స్ కథలలో నైపుణ్యం అపారం. ఆకలిగొన్న పిల్లల వంటివారికి మాత్రం వాటిలో చోటు లేదు. బి.బి.సి. టెలివిజన్ 1971 నుండి 1978 వరకు ఏటా క్రిస్మస్‌కు ఒక దయ్యం కథను ప్రసారం చేసింది. 2005లో ఆ ధారావాహికను పునరుద్ధరించింది. ఆచారం నిలిచింది. అయితే కరుణ నుండి విడివడిన భయం కొంతసేపు ఒళ్లు జలదరింపజేసి ఊరుకొంటుంది. కరుణతో కూడిన భయం మరునాటి ప్రవర్తనను మారుస్తుంది. ఏ కథ గొప్పదో నిర్ణయించడానికి ఇదే గీటురాయి కావాలి.

తెలుగు పాఠకులకు ఈ విషయం కొత్తది కాదు. ‘చందమామ’ పత్రిక దశాబ్దాల పాటు ప్రచురించిన బేతాళ కథలను చదువుతూ ఎందరో పెరిగారు. శ్మశానం, చెట్టు, శవం, అందులోని బేతాళుడు అన్నీ భయం గొలిపేవే. అయినా ప్రతి కథ చివర బేతాళుడు రాజును అడిగేది ధర్మసందేహమే. ఎవరిది త్యాగం, ఎవరిది తప్పు అని ఆలోచించడం ఆ కథలు పిల్లలకు నేర్పాయి. బేతాళుడి పేరు చెప్పి ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అదే నేలపై బాణామతి, చేతబడి అన్న అనుమానంతో నిస్సహాయులపై దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ దాడులకు కారణం కథలు కావు. రోగానికి కారణం తెలియని అజ్ఞానం, కష్టానికి ఎవరినో ఒకరిని బాధ్యులను చేయాలన్న తొందరపాటు వాటికి మూలం. కథలను నిషేధించినంతమాత్రాన అవి తొలగవు. విద్య, వైద్యం, చట్టం వాటిని తొలగించాలి.

కాబట్టి పండుగనాడు దయ్యం కథ చెప్పుకోవడం దోషం కాదు. పండుగ ఆనందాన్ని పంచేది మాత్రమే కాదు. లేనివారిని తలచుకొనే సమయం కూడా. కన్నుమూసిన పెద్దలు, కలిసి ఉండవలసినా దూరమైన ఆత్మీయులు, వాకిట నిలిచిన పేదలు ఆనాడే ఎక్కువగా గుర్తుకు వస్తారు. మంచి దయ్యం కథ ఆ జ్ఞాపకానికి ఒక రూపం కల్పిస్తుంది. పెండిల్ ప్రజలు భయపడి పొరుగువారిపై తలుపులు మూశారు. స్క్రూజ్ భయపడి తన తలుపు తెరిచాడు. భయం ఇద్దరికీ కలిగింది. అది మూయించినది ఏ తలుపు, తెరిపించినది ఏ తలుపు అన్నదే వివేకవంతులు ఆలోచించవలసిన విషయం.