వీధిమాటల వ్యుత్పత్తి – వైయాకరణుని బాధ్యత

గత వేసవిలో బనగానపల్లె పండ్లమండీ చెంత నేను ఒక చెట్టునీడను నిలిచియుండగా, మామిడికాయల గంపలు మోయుచున్న పిల్లవానిని వ్యాపారి యొకడు "ఒరే బేవార్సూ" అని కసరెను. పని ముగిసిన పిమ్మట ఆ పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, నా వేషమును చూచి చదువుకొన్నవాడనని యెంచెను కాబోలు, "బేవార్సంటే ఏంది సామీ?" అని యడిగెను. నేను మొగము పైకెత్తి యొక క్షణము నిలిచి, "అది చెడ్డమాట నాయనా, అనరాదు" అని చెప్పి పంపివేసితిని. వాడడిగినది అర్థము. నేను చెప్పినది నిషేధము. అరువది సంవత్సరములుగా శబ్దశాస్త్రమును చదువుచు, చెప్పుచు ఉన్న నాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

నింద్యమైన దానిని నిందావాచకముతో సమసింపజేయు సూత్రము అష్టాధ్యాయిలో నొకటి కలదు (2.1.53). దానికి వృత్తికారులు చూపు ఉదాహరణములలో నొకటి వైయాకరణఖసూచి. ప్రశ్న వేసినంతనే జవాబు తోపక ఆకాశమును చూపు వైయాకరణుడని దాని భావము. ఆ దినమున మండీ దగ్గర నిలిచినవాడు అట్టివాడే.

ఓరియంటల్ కళాశాలలలో చదువు విద్యార్థులు వీధిమాటలను సేకరించి వాని పుట్టుపూర్వోత్తరములను పరిశోధింపవచ్చునా అను ప్రశ్న అప్పుడప్పుడు మన మధ్య వచ్చుచున్నది. అట్టి కోరిక విన్నంతనే పెద్దలు కొందరు నవ్వుదురు. నవ్విన వారిలో నేనును ఒకప్పుడు ఒకడనే. గ్రామ్యమునకు శాస్త్రములో చోటెక్కడిదని వాదించితిని. ఆ వాదము తప్పని చెప్పుటకే ఈ వ్యాసము.

మొదట మన శాస్త్రమునే చూతము. క్షేపము, ఆక్రోశము, కుత్స అను పదములు అష్టాధ్యాయిలో ఎన్ని తావులనో కలవు. మునియైన పాణిని తన కాలమున జనులు ఒకరినొకరు ఎట్లు తిట్టుకొనుచుండిరో విని, ఆ తిట్లకు సూత్రములు కట్టెను. చదువు ముగియక మునుపే మంచమెక్కిన వాడు ఖట్వారూఢుడు (2.1.26). ఏ గురువు వద్దను నిలువక రేవులోని కాకివలె తిరుగువాడు తీర్థకాకము (2.1.42). భోజనవేళకు మాత్రము చేరువారు పాత్రేసమితులు, ఇంటిలో మాత్రము వీరుడైనవాడు గేహేశూరుడు (2.1.48). "ఇంట్లో పులి, వీధిలో పిల్లి" యని మన పల్లెలలో అను మాటకును గేహేశూరశబ్దమునకును భేదమేమి? విద్య కొరకు గాక అన్నము కొరకు పాణినీయమున చేరిన శిష్యులను ఓదనపాణినీయులని ఎగతాళి చేయుచుండిరి. ఆ సమాసమునకు స్వరమెట్లుండవలెనో కూడ సూత్రము విధించినది (6.2.69). దాతల యన్నము తిని పాఠశాలలో చదివిన నేను ఆ ఉదాహరణము చెప్పునప్పుడెల్ల కొంచెము తలవంచుకొనియే చెప్పుదును. ఇవన్నియు ఆనాటి పిల్లల, బజారుల మాటలు. మనము వానిని ఉదాహరణములని గౌరవించుచున్నాము. వానియందు దుమ్మున్నదన్న మాట మరచితిమి.

పతంజలి మరియొక కథ చెప్పెను. వైయాకరణు డొకడు రథమును చూచి, దీని ప్రవేత యెవడని యడిగెను. నేనే ప్రాజితనని సూతుడు బదులు చెప్పెను. అది అపశబ్దమని వైయాకరణుడు తప్పుపట్టెను. సూత్రప్రాప్తి యెరిగినవాడే గాని లోకమున ఏది ఇష్టమో యెరుగడని సూతుడు అతనిని ఎత్తిపొడిచెను. కోపించి వైయాకరణుడు సూతశబ్దమును విరిచి ఒక తిట్టు కల్పింపగా, సూతుడు ఆ తిట్టునకు పట్టిన ధాతువే తప్పని, తిట్టదలచినచో ఎట్లు తిట్టవలెనో కూడ నేర్పెను. మహాభాష్యమున గెలిచినవాడు బండి తోలువాడు.

ఆ సందర్భమున సూతుడు వైయాకరణుని పిలిచిన పిలుపు దేవానాంప్రియ. ఈ శబ్దము చరిత్ర మన సీమవారికి ప్రత్యేకముగా తెలియదగినది. కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతమున ఎర్రగుడి కొండరాళ్ళపై అశోకుడు వ్రాయించిన శాసనములు కలవు. అందు దేవతలకు ప్రియుడను ఆ మాట చక్రవర్తి బిరుదము. వార్తికకారుడు దానిని ఆక్రోశమును గూర్చిన షష్ఠీ అలుక్ సూత్రము (6.3.21) క్రింద చేర్చెను. భట్టోజిదీక్షితుని సిద్ధాంతకౌముది నాటికి దానికి మూర్ఖుడను అర్థము స్థిరపడినది. చక్రవర్తి పేరు తిట్టయినది. ఆ శాసనములలోనే పాషండశబ్దము ఏ మతసంప్రదాయమునకైనను చెల్లు సాధారణపదము. తరువాత అది వేదబాహ్యునికి నిందయైనది.

ఇట్టి పతనము సంస్కృతమునకే పరిమితము కాదు. ఉర్దూ మాటలాడువారు మతిచెడిన వానిని దివానా అందురు. పారసీకమున దేవ్ అనగా భూతము. భూతము పట్టినవాడు దివానా. ఆ దేవ్ మన దేవశబ్దమునకు తోబుట్టువు. ఇరానీయుల మతమున దేవతలు భూతములుగా మారుటచే అర్థము తలక్రిందులైనది. ఇచట దేవతలకు ప్రియుడైనవాడు మూర్ఖుడైనాడు, అచట దేవుడు పట్టినవాడు పిచ్చివాడైనాడు. ఒకే మూలమునుండి రెండు త్రోవలలో రెండు తిట్లు పుట్టినవి. దీనిని గుర్తించుటకు సంస్కృతము తెలిసినవాడు ఉర్దూ బజారున చెవి యొగ్గవలెను. వేరు దారి లేదు.

ఇక పిల్లవాని ప్రశ్నకు వత్తును. బనగానపల్లె 1948లో మద్రాసు రాష్ట్రమున విలీనమగు వరకు నవాబుల సంస్థానము. 2022 నుండి ఇది నంద్యాల జిల్లాలోనిది. పారసీక, ఉర్దూ శబ్దములు ఇచ్చటి కచ్చేరీల నుండి బజారునకును, బజారు నుండి ఇండ్లకును దిగినవి. బేవార్సు అట్టిది. 'బే' యనునది పారసీకోపసర్గ, మన 'నిర్' చేయు పనిని చేయును. వారిస్ అను అరబ్బీ శబ్దమునకు దాయము పొందు హక్కుదారుడని అర్థము. హక్కుదారుడు లేని ఆస్తి బేవారిసు. అందు నింద యేమియు లేదు. అడుగువాడు లేని వస్తువునకు పెట్టిన పేరును తరువాత లోకులు మనుష్యునకు పెట్టిరి.

రెండు విషయములను పండితులు గమనింపవలెను. ఆ పిల్లవాని తలపై గంపలో ఉన్న పండు బేనిషాను. బనగానపల్లె మామిడికి అది రెండవ పేరు. మచ్చ లేనిదని దాని అర్థము. ఈ పండునకు 2017లో భౌగోళిక సూచిక లభించినది. ఆ 'బే'యే ఈ 'బే'. గంపలోని పండునకు అది పొగడ్త, గంప మోయువానికి తిట్టు. రెండవ విషయము మనకు ఇంకను దగ్గరిది. మనము సభలలో నిలిచి సంస్కృత వారసత్వము, ప్రాచీన వారసత్వము అని గంభీరముగా పలుకుచుందుము. అరబ్బీ ప్రకృతిపై సంస్కృత త్వప్రత్యయము చేర్చి చేసికొన్న మాట యది. వారసత్వమును వేదికపై కూర్చుండబెట్టి, బేవార్సును వీధిలోనికి వెడలగొట్టి, మొదటిది శిష్టము, రెండవది గ్రామ్యము అనుచున్నాము. ప్రకృతి ఒకటియే.

పోరంబోకు అను మాటను గూర్చి నా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. యౌవనమున నేను ఒక గోష్ఠిలో ఆ శబ్దమును 'పరభోగ్య' శబ్దభవమని సాధించి మెప్పు పొందితిని. వెలుపలికి వచ్చిన తరువాత ఒక గ్రామకరణము నన్ను ప్రక్కకు పిలిచి, "స్వామీ, అది మా లెక్కలలోని మాట. అరవములో పురమంటే వెలుపల. శిస్తు లెక్కకు వెలుపల పోయిన భూమి పోరంబోకు" అని వినయముగా చెప్పెను. భాష్యములోని సూతుడే ఆ కరణము రూపమున వచ్చి నాకు పాఠము చెప్పినట్లయినది. ప్రతి దేశ్యమునకును ఒక ధాతువును తగిలించు జబ్బు మాలో పాతది. అది మేము వీధిమాటను నిరసించుట కంటెను ఎక్కువ చెరుపు చేసినది.

ఆ కరణము చెప్పిన దానిని తరువాత ఎన్నియో మారులు తలచుకొంటిని. శిస్తు రాని భూమి పనికిరాని భూమి కాదు. చెరువు, వాగు, బండిబాట, పశువుల బీడు, శ్మశానము, ఇవన్నియు పోరంబోకులే. ఊరందరికి అక్కరకు వచ్చునవే. ప్రభుత్వమునకు రాబడి లేదు గనుక ఆ లెక్కలో వెలుపలివి. పనిలేక తిరుగు యువకుని పోరంబోకని తిట్టునపుడు మనము తెలియకయే శిస్తు లెక్కతో మనుష్యుని కొలుచుచున్నాము. బేవార్సు ఆస్తి లెక్క, పోరంబోకు భూమి లెక్క. ఆస్తియు భూమియు లేనివారికే ఈ రెండు తిట్లును ఎక్కువగా తగులుట యాదృచ్ఛికమని నాకు తోపదు.

మాట పుట్టిన చోటు పోయినను మాట నిలుచుట మన కన్నుల ముందే జరుగుచున్నది. మోసగానిని ఫోర్‌ట్వంటీ అందుము. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో మోసమును శిక్షించు సెక్షను 420. 2024 జూలై 1వ తేది నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. మోసము అందు 318వ సెక్షనున చేరినది. వీధిలో మాత్రము మోసగాడు ఇప్పటికిని ఫోర్‌ట్వంటీయే. ఇంకొక ఏబదియేండ్లకు ఆ సంఖ్య ఎందులకు తిట్టయ్యెనో చెప్పువాడు దొరకుట కష్టము. అప్పుడు మాబోటివాడొకడు నాలుగు వందల ఇరువదికి వేదములో ఏదో యొక మూలము చూపినను చూపవచ్చును.

కావుననే త్వరపడవలెను. గ్రామకరణముల వ్యవస్థ 1984లో రద్దయినది. లెక్కల మాటలు తెలిసిన ఆ తరమువారు కొద్దిమందియే మిగిలిరి. నాటి కచ్చేరీ భాష యెరిగిన వృద్ధులును అంతే. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను ఈ సంగతి గ్రహించి, తెలుగులో కలిసిన అన్యదేశ్యములకు వేరుగా మిశ్రభాషా నిఘంటువు కూర్చి 1854లో ప్రకటించెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము రైతుల మాటలను అక్షరబద్ధము చేసినది. నాగలికిని మగ్గమునకును దక్కిన శ్రద్ధ వీధిమాటకు మన కళాశాలలలో దక్కవలసియున్నది.

ఆక్షేపములు కలవు, వానిని తేలికగా త్రోసివేయరాదు. గ్రామ్యమును సేకరించినచో దానికి గౌరవమిచ్చినట్లు కాదా అని యొకటి. గోశబ్దమునకు గావీ, గోణీ, గోతా మొదలగు అపభ్రంశములను పతంజలి పేర్కొనెను. ఆయన వానిని సాధువులనలేదు, దాచనూ లేదు. అశ్లీలము మాటయేమి అని రెండవది. తల్లిపేర తిట్టు తిట్టునకు కూడ పాణిని సూత్రము చేసెను (6.3.22). అయినను అచ్చులో ఏది వేయవలెను, ఏది వ్రాతప్రతిలోనే ఉంచవలెను అను వివేచన మనది. ఆ తిట్టు కొడుకు నుద్దేశించినది, అవమానము తల్లిది. సేకరించువాడు అంత మాత్రమైనను గుర్తించి వ్రాయవలెను. మూడవ ఆక్షేపము అన్నింటికన్న బరువైనది. కులముల పేర్లు, వృత్తుల పేర్లు తిట్లుగా మారినవి ఎన్నియో కలవు. దళితులను, గిరిజనులను కులము పేర నలుగురిలో దూషించుట 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము ప్రకారము నేరము. అట్టి మాటలను వినోదము కొరకు ప్రచురించుట పాపము. ఒక కష్టజీవి వృత్తినామమును తిట్టుగా మార్చినవారెవరో విచారించుట మాత్రము శాస్త్రకార్యము. దానిని తప్పించుకొన్నచో ఆ దోషమున మనకును పాలు కలుగును.

పద్ధతిని గూర్చి రెండు మాటలు. ప్రతి పదమునకును ఏ యూర విన్నది, ఎవరు ఎవరితో అన్నది, కోపముతోనా చనవుతోనా, మొదట ఏ వృత్తిలో లేక ఏ కచ్చేరీలో ఉన్నది, ఇవి వ్రాసికొనవలెను. ఒకే మాట స్నేహితుల మధ్య చనవు, యజమాని నోట అవమానము. వ్యుత్పత్తి తెలియనిచో తెలియదని వ్రాయవలెను. సంస్కృతముతో పాటు ఉర్దూ, అరవము, కన్నడము తెలిసినవారిని అడిగి తెలిసికొనవలెను.

ఈ వేసవిలో మరల మండీకి పోయితిని. ఆ పిల్లవాడు కనబడినాడు. దగ్గరకు పిలిచి, 'బే' యన లేదని, వారిసనగా నాదని అడుగువాడని, నా అని అడుగువాడు లేనిది బేవార్సని చెప్పితిని. వాడు కొంత సేపు ఆలోచించి, "నాకు మాయమ్మ ఉండాది గదా సామీ" అనెను. ఆ మాట తనకు చెల్లదని వాడు తేల్చుకొన్నాడు. నేను ఒక యేడు ముందుగా చెప్పవలసిన అర్థము అది. మన కళాశాలలవారు ఈ విషయమును విచారింతురు గాక.