ఆ సైకిలు లెక్క ఎవరు చెప్పాలి?

పోయిన నెల మా బరంపురంలో నలుగురు తెలుగువాళ్ళం ఒకచోట కూర్చున్నప్పుడు ఒక వాదన వచ్చింది. సాహిత్యం మీద కాదు, సైకిలు మీద. రిటైరైన లెక్కల మాస్టారొకరు, నాకంటే పదేళ్ళు పెద్దవారు, టీ గ్లాసు కింద పెట్టి ఇలా అన్నారు: “ఏమయ్యా, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో లెక్కలు చూస్తున్నావు గదా, ఆ బీహారు పిల్ల కథ నువ్వూ నమ్మావా? పన్నెండు వందల కిలోమీటర్లు, వెనక కూర్చున్న తండ్రి, ఏడు రోజులు! భాగించి చూడు. పత్రికలవాళ్ళు అల్లిన కథ అది.”

అక్కడ నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. మాస్టారి మీద గౌరవం ఉంచుకునే, ఆయన మాటలో సగం ఒప్పుకోవడానికి, మిగతా సగం ఖండించడానికి ఈ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నాను.

సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2020 మే నెల, దేశమంతా లాక్‌డౌన్. ఢిల్లీ పక్కన గుర్‌గావ్‌లో ఇ-రిక్షా నడుపుకునే ఒకాయన అంతకు కొన్ని నెలల ముందే ప్రమాదంలో మోకాలు దెబ్బ తిని మంచాన పడ్డాడు. పని లేదు, చేతిలో డబ్బు లేదు, ఇంటి అద్దె బాకీ. ఆయన కూతురు, పదిహేనేళ్ళ పిల్ల, ఒక పాత సైకిలు సంపాదించి, తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని, బీహారులోని దర్భంగా జిల్లా సొంత ఊరికి చేర్చింది. ఆ పిల్ల పేరు అప్పట్లో లోకమంతా మోగింది. ఆమె ఇప్పుడు పెద్దదయింది, తన బతుకు తాను బతుకుతోంది. నా వాదనకు ఆమె పేరుతో పని లేదు కనుక ఇక్కడ వ్రాయడం లేదు.

ముందు మాస్టారి లెక్క చూద్దాం. ఏడు రోజుల్లో 1,200 కిలోమీటర్లు అంటే రోజుకు 171. అలవాటు లేని పిల్ల, మామూలు సైకిలు, వెనక నిండు మనిషి, మే నెల ఎండ. గంటకు 12 కిలోమీటర్లు పోయిందనుకున్నా రోజుకు పద్నాలుగు గంటలకు పైగా తొక్కాలి. ఒక రోజు కాదు, వరసగా ఏడు రోజులు. అనుమానం రావడం తప్పు కాదు. రాకపోతేనే తప్పు.

పైగా ఒక పత్రికకూ ఇంకొక పత్రికకూ పొంతన లేదు. మన బోటి సరిహద్దు తెలుగువాళ్ళకు ఒక లాభం ఉంది. మా ఇంట్లో ఒడియా పత్రిక, తెలుగు పత్రిక, ఇంగ్లీషు పత్రిక మూడూ చదువుతాం. ఒకే వార్తను మూడు భాషల్లో చదివేవాడికి అతుకులు ఎక్కడ ఉన్నాయో త్వరగా తెలుస్తుంది. ఈ వార్తలో ప్రయాణం ఒకచోట ఏడు రోజులు, ఒకచోట ఎనిమిది, మరొకచోట పది. సైకిలు ధర ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా వ్రాశారు. దారిలో కొంత దూరం ఒక లారీవాడు ఎక్కించుకున్నాడని కొందరు వ్రాశారు, కొందరు ఆ ముక్క వదిలేశారు.

ఇప్పుడు ఆ తేడాలనే పట్టుకుని మళ్ళీ లెక్క వేయండి. పది రోజులైతే రోజుకు 120 కిలోమీటర్లు, పది గంటల పని. లారీ మీద ఒక 200 కిలోమీటర్లు పోయాయనుకోండి, రోజుకు 100 మిగులుతుంది. అంటే ఎనిమిది గంటల పైచిలుకు. కష్టమే, చాలా కష్టం, కాని గతి లేని మనిషి చేయగలిగినదే. అంటే ఏమయింది? అబద్ధంలా కనిపిస్తున్నది ఆ పిల్ల ప్రయాణం కాదు, ఏడు అనే అంకెనూ పన్నెండు వందలనే అంకెనూ పక్కపక్కన పెట్టి, లారీని తీసేసిన శీర్షిక. ఆ పిల్ల సైకిలుకు మీటరు లేదు. గుర్‌గావ్ నుంచి దర్భంగాకు రోడ్డు దూరం పటంలో చూసి పన్నెండు వందలని వేసుకున్నది వ్రాసినవాళ్ళు. ఆ దూరమంతా ఆమె కాళ్ళ ఖాతాలో పడేసిందీ వాళ్ళే. లోపలి పేరాలో ఉన్న లారీ శీర్షికలోకి రాలేదు. ఆ శీర్షిక చదివి ఇంకొకరు ఇంకొక శీర్షిక పెట్టారు. మా భాషలో చెప్పాలంటే, డే బుక్కులో పద్దు సరిగానే ఉంది, లెడ్జరులోకి ఎత్తి వ్రాసేటప్పుడు తప్పు పోయింది. అలాంటప్పుడు మేము ఎత్తి వ్రాసిన గుమాస్తాను అడుగుతాం గాని, డబ్బు కట్టిన ఖాతాదారుణ్ణి దొంగ అనం. మాస్టారూ, మీరు చేస్తున్నది రెండో పని.

అయితే నా అసలు ఫిర్యాదు అంకెల మీద కాదు. అంకె తప్పయితే దిద్దుకోవచ్చు. పద్దు వేయవలసిన ఖాతాలో వేయకపోవడం అంతకంటే పెద్ద తప్పు. అప్పు పద్దును తెచ్చి లాభంలో చూపిస్తే బ్యాలెన్స్ షీటు చూడ ముచ్చటగానే ఉంటుంది, సంస్థ మాత్రం లోపల కుళ్ళిపోతుంది. ఈ వార్త విషయంలో సరిగ్గా అదే జరిగింది. 2020 మే 22న అప్పటి అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ ఆ పిల్ల ఓర్పునూ ప్రేమనూ మెచ్చుకుంటూ ట్విట్టర్‌లో వ్రాశారు. ఆ మెప్పులో వాడిన అంకెలూ ఏడు, పన్నెండు వందలే. భారత సైక్లింగ్ సమాఖ్య ట్రయల్స్‌కు రమ్మన్నది. 2021 జనవరిలో ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం వచ్చింది. ఆ పిల్లకు వచ్చిన దేనినీ నేను కాదనను, ఇంకా రావలసింది. కాని ఒక దేశం తన పదిహేనేళ్ళ పిల్లకు పడిన బాకీని సాహసం ఖాతాలో జమ వేసుకుని చప్పట్లు కొట్టింది. పేదరికాన్ని ఇలా ఘనకార్యం చేయకండని అప్పుడే కొందరు అన్నారు. వినేవాళ్ళెవరు?

నిజంగా అనుమానించే విలేఖరి అయితే అడగవలసిన ప్రశ్న కళ్ళ ముందే ఉంది. శ్రామిక్ రైళ్ళు 2020 మే 1నే మొదలయ్యాయి. మొట్టమొదటిది మన తెలుగు నేల మీది నుంచే, తెలంగాణలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వెళ్ళింది. ఈ తండ్రీ కూతుళ్ళు బయలుదేరింది ఆ తరువాతే గదా! రైళ్ళు ఉండగా, మోకాలు దెబ్బ తిన్న మనిషికి సైకిలు వెనక చోటు ఎందుకు దొరికింది, రైల్లో ఎందుకు దొరకలేదు? పేర్లు ఎక్కడ నమోదు చేశారు, ఎవరు చేశారు, టికెట్టు డబ్బు ఎవరు అడిగారు? కూలీల దగ్గర చార్జీ తీసుకోవద్దని సుప్రీంకోర్టు చెప్పింది మే 28న, వీళ్ళు ఊరు చేరాక. “ఎన్ని కిలోమీటర్లు తొక్కావమ్మా?” అని అడిగినవాళ్ళు వందమంది. “రైలెందుకు ఎక్కలేదమ్మా?” అన్న ప్రశ్న ఏ శీర్షికలోనైనా చూశారా?

అనుమానం మంచి గుణం. కాని ఎవరిని అనుమానిస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. 2020 మార్చి 24 రాత్రి నాలుగు గంటల వ్యవధి ఇచ్చి దేశం మూసేశారు. మార్చి 31న సుప్రీంకోర్టులో కేంద్ర ప్రభుత్వం తరఫున సొలిసిటర్ జనరల్, ఆ ఉదయం 11 గంటలకు రోడ్ల మీద నడుస్తున్న వలస కూలీలు ఎవరూ లేరని చెప్పారు. అదే రోజు కోర్టు, తప్పుడు వార్తల వల్లే జనం భయపడి కదిలారన్న వాదాన్ని మన్నించి, పత్రికలు సర్కారు చెప్పిన సమాచారాన్ని కూడా ప్రచురించాలన్నది. ఆ తరువాత ఏమయింది? ఏప్రిల్‌లో తెలంగాణలో మిర్చి ఏరడానికి వచ్చిన ఒక పన్నెండేళ్ళ పిల్ల, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా సొంత ఊరికి మూడు రోజులు నడిచి, ఇల్లు దగ్గర పడ్డాక చనిపోయింది. మే 8న ఔరంగాబాద్ దగ్గర రైలు పట్టాల మీద నిద్రపోయిన పదహారుమంది కూలీల మీద నుంచి గూడ్సు బండి పోయింది. రోడ్ల మీద ఎవరూ లేరన్న ఆ మాటను మాస్టారుగారు ఎప్పుడైనా భాగించి చూశారా?

ఇంకొకటి. 2020 సెప్టెంబరు 14న పార్లమెంటులో కేంద్ర కార్మిక శాఖ, కోటి నాలుగు లక్షలమంది వలస కూలీలు ఊళ్ళకు తిరిగి వెళ్ళారని చెప్పింది. వాళ్ళలో ఎంతమంది చనిపోయారని అడిగితే ఆ లెక్క తమ దగ్గర లేదన్నది. ఇంత పెద్ద ఖాతా పుస్తకంలో చావుల పుటే లేదు! ఆ పుట లేనందుకు రాని కోపం, ఒక పిల్ల ఏడు రోజులు తొక్కిందా పది రోజులు తొక్కిందా అన్న దగ్గర వస్తున్నది.

నేను విన్నవి మాత్రమే చెప్పడం లేదు. 2020లో గంజాం జిల్లాలో ఒక శాఖకు మేనేజరుగా ఉన్నాను. మా జిల్లా నుంచి సూరత్ పవర్‌లూములకు వెళ్ళేవాళ్ళు ఎంతమందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనవసరం లేదు. వాళ్ళలో మన తెలుగు ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. ప్రతి నెలా సూరత్ నుంచి మా ఖాతాల్లో డబ్బు పడేది. ఆ ఏప్రిల్‌లో పడలేదు. బయట జన్‌ధన్ ఐదు వందల కోసం ఆడవాళ్ళు సున్నపు గుండ్రాల్లో నిలబడి ఉండేవారు. వాళ్ళలో కొందరు ఉన్నది తీసుకోవడానికి కాదు, సూరత్‌కు పంపడానికి వచ్చారు. బంగారం కుదువ పెట్టి, లారీ చార్జీకని కొడుకులకు డబ్బు పంపారు. నా సర్వీసులో డబ్బు అటు నుంచి ఇటు రావడమే చూశాను. ఇటు నుంచి అటు పోవడం అప్పుడే చూశాను. ఆ వోచర్లు ఏ విలేఖరీ అడగలేదు.

జూన్‌లో ఒక తెలుగు కుర్రవాడు పాసుబుక్కు పట్టుకుని వచ్చాడు. సూరత్ నుంచి ఎలా వచ్చావని అడిగాను. “కొంత నడిసినాం బాబూ, కొంత లారీ. మద్దిలో దింపేసినాడు, మళ్ళీ నడిసినాం. ఇంకో లారీ” అన్నాడు. ఎన్ని కిలోమీటర్లు నడిచావంటే తెలీదన్నాడు. వచ్చిన రోజులు కూడా వేళ్ళ మీద ఒకసారి తొమ్మిదని లెక్కపెట్టాడు, ఒకసారి పదకొండని. మాస్టారి కొలత ప్రకారం ఆ కుర్రవాడు అబద్ధాలకోరు. నేను మాత్రం అతని కాళ్ళు చూశాను.

చివరగా ఒక మాట. 2020 జులైలో ఆ సైకిలు పిల్లను చంపేశారని ఫోన్లలో ఒక వార్త తిరిగింది. ఫొటోతో సహా మా బంధువుల గ్రూపుల్లోకీ వచ్చింది. అది అబద్ధం. అదే జిల్లాలో అదే పేరుగల మరొక పిల్ల చావును తెచ్చి ఈమెకు అంటగట్టారు. కిలోమీటర్లు భాగించిన మేధావులు ఎంతమంది ఆ వార్తను ఒక్క నిమిషం ఆగి అనుమానించారు? ఆమె బతికే ఉంది. చనిపోయింది, ఏడాది తిరిగేసరికి 2021 మే 31న, ఆమె అంత కష్టపడి ఇల్లు చేర్చిన తండ్రి. గుండె ఆగి పోయాడు. ఆ వార్త ఏ పుటలో ఎంత చోటులో వచ్చిందో పాత పత్రికలు తిరగేసి చూడండి.

కనుక మాస్టారికీ, ఆయనలా ఆలోచించేవారికీ నా మనవి ఇది. అనుమానం మానకండి. పత్రికలను నిలదీయండి. బయలుదేరిన తేదీ, చేరిన తేదీ, లారీ ఎక్కిన చోటు, దిగిన చోటు, ఈ నాలుగూ అడిగి వ్రాసి ఉంటే ఈ తగాదాయే వచ్చేది కాదు. అంత చిన్న పని చేయనివాళ్ళు మహా వీరగాథ వ్రాశారు. వాళ్ళ నిర్లక్ష్యానికి మూల్యం ఆ పిల్ల చెల్లిస్తున్నది, ఎందుకంటే ఆమె నిజంగా పడిన కష్టం కూడా ఇప్పుడు మీ టీ బల్ల మీద కల్పన అయిపోయింది. ఆమె 1,200 తొక్కిందో, 1,000 తొక్కిందో, 800 తొక్కిందో నాకు అక్కరలేదు. ఒక్క కిలోమీటరైనా ఆమె ఎందుకు తొక్కవలసి వచ్చిందన్న ప్రశ్నకు బాధ్యులు జవాబు చెప్పేదాకా, ఆ ఖాతా మూసినట్టు సంతకం పెట్టడానికి నేను సిద్ధంగా లేను.