నీళ్లు తాగని డ్యూటీ

మీరెక్కిన సిటీ బస్సులో కండక్టరమ్మ పక్కన నీళ్ల సీసా గమనించారా? చాలాసార్లు మధ్యాహ్నానికీ నిండుగానే ఉంటుంది. మరచిపోయి కాదు, తాగితే దారిలో వెళ్లడానికి శుభ్రమైన చోటు దొరకదని. గంటల తరబడి నీళ్లు తాగకుండా, మూత్రం బిగబట్టుకుని పనిచేస్తే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్ల ముప్పు పెరుగుతాయి. మే నెలలో వీటికి వడదెబ్బ తోడవుతుంది. డాక్టరు మందు రాస్తారు. కానీ రూటు చివర నీళ్లొచ్చే మరుగుదొడ్డి, అక్కడ పది నిమిషాలు ఆగే వీలు ఇవ్వాల్సింది మాత్రం సంస్థే.

స్టీరింగు ముందున్న మనిషిది మరో బాధ. లండన్ బస్సు సిబ్బందిపై జెర్రీ మారిస్ బృందం చేసిన అధ్యయనం 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కిదిగే కండక్టర్ల కన్నా, రోజంతా కూర్చునే డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువని అందులో తేలింది. మన డ్రైవర్లకు దీనికి తోడు వేళ తప్పిన భోజనం. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు తీసుకున్నాక తిండి ఆలస్యమైతే గ్లూకోజు పడిపోయి కళ్లు తిరగొచ్చు. ఆ సమయానికి బస్సులో మన పిల్లలూ ఉండొచ్చు.

ముందే చెప్పొచ్చు కదా అంటారా? చెబితే ‘అన్‌ఫిట్’ అని పక్కన పెడతారేమోనని భయం. అందుకే బీపీని, మందగించిన చూపును దాచుకునేవారుంటారు. నిజానికి ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ తొలగించకూడదని, అదే జీతంతో చేయగలిగిన పోస్టుకు మార్చాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. రంగులు గుర్తించలేని ఒక ఆర్టీసీ డ్రైవరుకు వేరే ఉద్యోగం ఇవ్వాలని 2025లో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది. బీపీ, షుగర్ ఉన్నవారికి ఇంత స్పష్టమైన భరోసా లేదు. పరీక్షలో జబ్బు బయటపడితే జీతం తగ్గదని, కొన్నాళ్లు తేలిక డ్యూటీ ఇస్తామని డిపోలో ముందే రాసి పెట్టాలి. ఆ మాట ఇవ్వకుండా ఎన్ని హెల్త్ క్యాంపులు పెట్టినా జబ్బు దాచేవారు దాస్తూనే ఉంటారు.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. మంచి పనే. ఆ రద్దీలో నిలబడి టికెట్టు కొట్టేవారిలో కూడా ఆడవాళ్లున్నారని గుర్తుంచుకుందాం.

మీ ఇంట్లో ఆర్టీసీ ఉద్యోగి ఉంటే క్యారేజీతో పాటు నాలుగు గ్లూకోజు బిస్కట్లు పెట్టండి, బీపీ మాత్ర వేసుకున్నారో లేదో అడగండి. ప్రయాణికులైతే, చివరి స్టాపులో కండక్టరమ్మ కాసేపు దిగి వెళ్లినప్పుడు ఆలస్యమైందని కేకలు వేయకండి.