నింద వైద్యం కాదు

బిడ్డ బక్కగా ఉంటే తల్లి సరిగ్గా పెట్టడం లేదంటారు. లావుగా ఉంటే తల్లికి అదుపు చేయడం రాదంటారు. ఎటు తిరిగినా ముద్దాయి తల్లే. పిల్లల్లో తీవ్ర స్థూలకాయాన్ని హక్కుల సమస్యగా ఈ సంచికలో చర్చకు పెట్టడానికి నాకున్న మొదటి కారణం ఇదే.

ఆకలి గురించి మాట్లాడాల్సిన చోట ఈ కలవారి జబ్బు గురించి ఎందుకని మిత్రులు అడగవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. ఈ రెండో సర్వేలోనే వయసుకు తగ్గ ఎత్తు ఎదగని పిల్లలు 35.5 శాతం. అంటే ఆకలి పోలేదు, దాని పక్కనే ఇదీ వచ్చి చేరింది. అయిదు రూపాయల చిప్స్ పొట్లం ప్రతి బస్తీ కొట్టులోనూ వేలాడుతోంది. ఆ ధరకు పండు దొరకదు.

బరువు ఒక హద్దు దాటాక అది తిండియావ కాదు, జబ్బు. వంశపారంపర్యం, హార్మోన్లు, చుట్టూ దొరికే తిండి, నిద్ర, మనోవ్యధ అన్నీ అందులో ఉంటాయి. చిన్న వయసులోనే రక్తపోటు, మధుమేహం, కాలేయంలో కొవ్వు, నిద్రలో ఊపిరి ఆగడం మొదలవుతాయి. ఒక్క డాక్టరు "తిండి తగ్గించు" అని చీటీ రాసిస్తే తీరేది కాదు. పిల్లల డాక్టరు, పోషకాహార నిపుణురాలు, మానసిక వైద్యులు, వ్యాయామం నేర్పేవారు, సామాజిక కార్యకర్త కలిసి ఒక బృందంగా చూడాలి. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటలు కుటుంబంతో ముఖాముఖి పనిచేయాలంటున్నాయి. 12 ఏళ్లు దాటితే మందులు, 13 దాటి తీవ్ర స్థూలకాయం ఉంటే శస్త్రచికిత్స అవసరమా అన్న పరిశీలన కూడా అందులో ఉన్నాయి.

అయితే ఆ 26 గంటలు ఎవరివి? "కుటుంబం" అన్న మాట ఆచరణలో "తల్లి"గా మారిపోవడం మనకు కొత్త కాదు. కూలి పోగొట్టుకుని ఆస్పత్రికి వచ్చేదీ, ఇంట్లో విడిగా వండేదీ, ఫలితం రాకపోతే తిట్లు తినేదీ ఆమే. తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లల్ని చేర్చుకునే పోషకాహార పునరావాస కేంద్రాల్లో తోడుండే తల్లికి కూలి పరిహారం ఇచ్చే పద్ధతి ఉంది. అదే సూత్రం ఇక్కడెందుకు వర్తించకూడదు?

కనుక నేను కోరేవి ఇవి. జిల్లా ఆస్పత్రిలో వారానికొక రోజైనా ఈ బృందమంతా ఒకేచోట ఉచితంగా దొరకాలి. 18 ఏళ్లలోపు పిల్లల్ని పరీక్షించడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని దీనికి కలపాలి. తండ్రి కూడా రావాలి. ఆడపిల్ల బరువు నలుగురిలో చూసి బయటికి చదవకూడదు, ఆమె ఆరోగ్యాన్ని పెళ్లి మాటలతో కొలవకూడదు. బడి గేటుకు 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మరాదన్న 2020 నాటి నిబంధన అమలు కావాలి.

మీ జిల్లా ఆస్పత్రిలో ఇవాళ ఇలాంటి బిడ్డను ఎవరు చూస్తున్నారో, ఏం చెప్పి పంపుతున్నారో వెళ్లి కనుక్కోండి. మాకు రాయండి. వచ్చే సంచికలో ఆ వివరాలతోనే చర్చ కొనసాగిద్దాం.