అడక్కుండా దిద్దిన ముఖాలు

ఫోటో స్టూడియోలో ‘టచప్ చెయ్యమంటారా?’ అని ఆడవాళ్లని ఎవరూ అడగరు. చేసేసి ఇస్తారు. పాస్‌పోర్టు సైజు ఫోటోకి వెళ్లినా, పెళ్లి సంబంధం ఫోటోకి వెళ్లినా చామనఛాయ ఓ మెట్టు తెల్లబడుతుంది, కళ్ల కింద నీడలు పోతాయి, పుట్టుమచ్చ మాయమవుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో మనల్ని గుర్తుపట్టడానికి రాయించుకున్నది ఆ పుట్టుమచ్చనే!

ఈ అలవాటు కంప్యూటర్‌తో రాలేదు. వెనకటి స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో దిద్దేవారు. నెగెటివ్‌లో పెన్సిల్ పడ్డచోటు ప్రింటులో తెల్లగా వస్తుంది. దానికి చెయ్యి తిరిగిన మనిషి, బోలెడు సమయం కావాలి కాబట్టి ఏదో ఒక హద్దుండేది. 1990లో ఫోటోషాప్ వచ్చాక ఆ హద్దు పోయింది. 2002లో వచ్చిన దాని ఏడో వెర్షన్‌లో ఒక పనిముట్టు చేర్చారు. పేరు హీలింగ్ బ్రష్, అంటే గాయం మాన్పే కుంచె. నున్నగా ఉన్నచోటి చర్మాన్ని నమూనాగా తీసుకుని ముడత మీద పరుస్తుంది. ముడత గాయమని ఎవరు తేల్చారు? నలభై ఏళ్లు నవ్వి, ఏడ్చి, ఎండలో బస్సు కోసం నిలబడితే వచ్చిన గీతకి వైద్యం దేనికి?

కిందటేడు నా వ్యాసాల సంపుటి వెనక అట్టకి ఫోటో అడిగితే పంపాను. ప్రూఫులో వచ్చినామె బుగ్గలు పొట్టు తీసిన కోడిగుడ్డులా ఉన్నాయి. అదే ప్రచురణకర్త అదే నెలలో వేసిన ఓ కవిగారి పుస్తకం మీద మాత్రం ఆయన నుదుటి ముడతలు ఒక్కటీ చెక్కుచెదరలేదు. పైగా నీడలు పెంచి ఇంకా లోతుగా చూపించారు. ఆయనవి అనుభవమట, నావి లోపమట. ఆ పుస్తకంలో నేను రాసింది ఆడవాళ్ల వయసు గురించేనయ్యా అంటే, డిజైన్ చేసిన అబ్బాయి ‘అందుకే మేడమ్, యంగ్‌గా ఉంటే బాగుంటుందని’ అన్నాడు. అసలు ఫోటో పెట్టేదాకా అట్టని ప్రెస్సుకి వెళ్లనివ్వలేదు.

‘లిప్‌స్టిక్‌కి లేని అభ్యంతరం దీనికెందుకు, ఎవరిష్టం వాళ్లది’ అని మనలోనే కొందరంటారు. లిప్‌స్టిక్ నా చేత్తో నేను వేసుకుంటాను, రాత్రికి తుడిచేసుకుంటాను. ఇష్టమో కాదో తెలియాలంటే ముందు అడగాలి కదా. అయినా నాలాంటి వాళ్లకి పోయేది కాస్త అభిమానమే. తెల్లబరిచిన ఫోటో చూసి వచ్చిన పెళ్లివారు హాల్లో కూర్చుని ఉప్మా తింటూ, ‘ఫోటోలో ఉన్నంత రంగు లేదే’ అని పిల్ల ముందే అంటారు. అబద్ధమాడింది స్టూడియోవాడు, తల దించుకోవలసింది ఆ పిల్ల. రంగు మాట వెనక కులం లెక్కలుంటాయని మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసుకుంది. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, మోడల్ శరీరాన్ని సన్నగానో లావుగానో మార్చిన ప్రకటనల మీద ఆ సంగతి రాసి తీరాలి. మంచిదే. కానీ అలాంటి చట్టం ప్రకటనల దగ్గరే ఆగిపోతుంది. పెళ్లిళ్ల పేరయ్య కవరులోకీ, పుస్తకాల అట్టల మీదకీ రాదు.

కనీసం అట్టల సంగతి మన చేతిలో ఉంది. ఒప్పందంలో రాయల్టీ శాతం పక్కనే, రచయిత్రి అనుమతి లేకుండా ఫోటో దిద్దకూడదన్న వాక్యం రాయించుకుందాం. ఒప్పందమే రాసివ్వని ప్రచురణకర్తలకైతే ఫోటోతోపాటు ఓ ఉత్తరం పంపుదాం, నకలు మన దగ్గర ఉంచుకుని.